లోపలి ఊట

మగ్గం గుంతలో నీళ్ళు తోడి పోయడం శైలజ పని అని ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసిపోయే పనులు ఆ ఇంటినిండా ఉన్నాయి, అదొకటి. ఆ యేడు సిద్దిపేటలో వానలు ఎడతెరిపి లేకుండా కురిశాయి. చుట్టుపక్కల చెరువులన్నీ నిండి, నేల లోపలి నీళ్ళు పైకి తన్నుకొచ్చి, మామ రాజమల్లయ్య కాళ్ళు దింపుకొని కూర్చుని నేసే గుంతలో రోజూ పొద్దునకల్లా జానెడు ఊట చేరేది. శైలజ వంగి, చెంబుతో తోడి బకెట్లో పోసి, అడుగున మిగిలిన తడిని పాత చీరగుడ్డతో అద్ది పిండి, మళ్ళీ అద్ది, గోనెసంచి పరిస్తే గానీ ముసలాయన పాదం పెట్టడు. పెట్టినాక మాత్రం "ఇయ్యాల గుంత మంచిగున్నది" అంటాడు, గుంత తనంతట తనే బుద్ధి తెచ్చుకుని ఆరిపోయినట్టు.

ఆ పొద్దున ఆరో చెంబుకే ఆమెకు ఊపిరి అందలేదు. ఎడమ పక్కటెముకల కింద, వెనక వైపు, తడిపిన నూలును మూటగట్టి లోపల పెట్టినంత బరువు. గుంత అంచున కూర్చుంది. లోపల ఏదో కదిలినట్టయింది. కదలడం కూడా కాదు, నిండు బిందెను ఎత్తుకుని నడుస్తుంటే లోపలి నీళ్ళు చప్పుడు చేయకుండా ఊగుతాయే, అట్లా. కళ్ళు మూసుకుంటే నీళ్ళు ఊరుతున్న సన్నటి సడి వినిపించింది. అది గుంతలోనిదో తన లోపలిదో తేల్చుకోలేక, అసలు తేల్చుకోవాలని కూడా అనిపించక, అట్లా వింటూ కూర్చోవడమే బాగుందనిపించి కాసేపు ఉండిపోయింది.

"ఓ పిల్లా, తోడుతున్నవా, కునుకు తీస్తున్నవా?" అని వంటింట్లోంచి అత్త కొండవ్వ కేకేసింది. "మీ మామ బువ్వ తిని వస్తుండు. గుంత సాఫ్ గాకపోతే ఎట్ల నేస్తడు?"

శైలజ లేచి ఏడో చెంబు తోడింది.

రెండేళ్ళుగా ఆమె కడుపు ఆమె మాట వినడం లేదు. లంగా బొందు రోజురోజుకూ పొట్టిదైపోతోంది. తిండి పెరిగిందా అంటే లేదు, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే ఆమె తిండి, అది ఎప్పుడూ అంతే ఉంటుంది. నడుం పక్కన వదలని నొప్పి, సాయంత్రానికి తల దిమ్ము. చెబితే వినేవాళ్ళకు కొదవ లేదు, విన్నవాళ్ళు తలా ఒక మాట అన్నారు కూడా. "కూసోని కండెలు సుట్టుడే గదా, పొట్ట రాక ఏమైతది?" అంది అత్త. పొద్దున అయిదింటికి లేచి, ముప్ఫై ఆరేళ్ళ ఒంటితో ఇల్లంతా మోసి, మధ్యలో దొరికిన సందుల్లో చరఖా ముందు కూలబడి మామ మగ్గానికి నూలు కండెలకు చుట్టి పెట్టడాన్ని కొండవ్వ 'కూసోవుడు' అనే అంటుంది. చీర నేసింది రాజమల్లయ్య. అంచు మీద గొల్లభామ బొమ్మ ఎత్తింది రాజమల్లయ్య. నూలు మాత్రం తనే నడిచి వెళ్ళి కండెల మీద ఎక్కి కూర్చుంది కాబోలు. వాడకట్టులో ఆడవాళ్ళు మోచేత్తో పొడిచి "ఏమన్న విశేషమా?" అని ముసిముసిగా నవ్వారు. సందు చివరి డాక్టరు గ్యాస్ అన్నాడు. భివండిలో మరమగ్గాల మీద పనిచేసే మొగుడు రమేశ్ వీడియో కాల్‌లో చూసి, "ఫోన్ల నువ్వే కనవడుతున్నవ్, ఎనక గోడ కనవడ్తలేదు" అని పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతుంటే పక్కలో నొప్పి పొడుచుకొచ్చింది, అయినా కాల్ అయ్యేదాకా నవ్వింది.

ఆ నవ్విన మనిషే పోయినేడు హోళీకి ఇంటికొచ్చి, మొహం ఉబ్బి మంచాన పడ్డాడు. ఉందని తెలియని బీపీ రెండు కిడ్నీలనూ తినేసిందన్నారు. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. శైలజ పనుల్లోకి ఇంకో పని వచ్చి చేరింది, అదీ ఎవరూ చెప్పకుండానే. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండటం, రోజుకు ఒక్క సీసా నీళ్ళే కొలిచి గుక్కగుక్కకూ గీత చూసి ఇవ్వడం, సూదులు గుచ్చే చేతి మీద బరువు పడకుండా చూడటం, ఆటోలో దవాఖానకు తీసుకుపోవడం, నాలుగు గంటలు గోడకు ఆనుకొని కూర్చోవడం, తీసుకురావడం. రమేశ్ చెడ్డవాడేం కాదు. దాహమైతే చిన్నపిల్లాడిలా సీసా వంక చూసి "ఇంకొక్క గుక్క శైలూ" అని బతిమాలుతాడు. ఆమెకు జాలేస్తుంది. పదిహేనేళ్ళ కాపురంలో అంత మెత్తగా ఆమెను అతను ఇంకెప్పుడూ పిలవలేదు, ఆ సంగతి కూడా గుర్తొస్తుంది.

డయాలసిస్ గదిలో మిషన్ల గురగుర మధ్య ఆమెకు కళ్ళు మూతలు పడేవి. అది నిద్ర కాదు, మెలకువా కాదు. అందులో ఎప్పుడూ ఒకటే వచ్చేది. ఇంటి గదులన్నీ నడుంలోతు నీళ్ళు. నీళ్ళ మీద గిన్నెలు, చరఖా, కూతురు హర్షిణి తొమ్మిదో తరగతి పుస్తకాలు, అత్త పాన్‌దాను, అన్నీ మెల్లగా తిరుగుతూ తేలుతుంటాయి. తను వెల్లకిలా తేలుతుంటుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, తెల్లగా ఉంటాయి. ఎక్కడి నుంచో ఊరుతున్నాయి కానీ ఎక్కడి నుంచో తెలియదు. అన్నిటికన్నా వింత, ఎవరూ ఆమెను పిలవరు. నర్సు వచ్చి "అయిపోయింది, తీసుకపో అమ్మా" అని తట్టి లేపితే ఒక్క క్షణం కోపమొచ్చేది.

ఇక కిడ్నీ సంగతి. అది తేలింది ఒక ఆదివారం పొద్దున, చాయ్ తాగుతూ.

రమేశ్ అన్న అరుణ్‌కుమార్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం అతనిది, కులసంఘంలో పదవి కూడా ఉంది. "ఎన్ని దినాలు ఈ డయాలసిస్? కిడ్నీ మార్పియ్యాలె. ఇంట్లోళ్ళే ఇస్తే మంచిదంటున్రు" అన్నాడు. ముసలాయనకు వయసు మీరింది. కొండవ్వకు షుగరు. అక్కడితో చూపులు ఆగి, గది చుట్టూ తిరిగి, ఎక్కడా నిలబడలేక ఇబ్బంది పడ్డాయి. అరుణ్‌కుమార్ బ్లడ్ గ్రూపు ఊరందరికీ తెలుసు. ఏటా ఎవరో ఒక నాయకుడి పుట్టినరోజుకు రక్తం ఇచ్చి, ఆ ఫోటోతో ఓ పాజిటివ్ అని పెద్దక్షరాలతో తన దుకాణంలోనే ఫ్లెక్సీ కొట్టించుకుంటాడు. తమ్ముడిదీ అదే గ్రూపు. కానీ ఆ పూట అతను ఫోన్‌లో ఏదో ముఖ్యమైనది వచ్చినట్టు చూసుకుని, తలెత్తి, "మన శైలజ ఉన్నది గదా" అన్నాడు. "అవును, శైలజ ఉన్నది" అంది కొండవ్వ. అందరికీ ప్రాణం లేచొచ్చింది. శైలజ అప్పుడు గిలాసలు పట్టుకుని గడపలో ఉంది. ఎవరికి చక్కెర వేయాలో, ఎవరికి వద్దో చూసుకుంటూ చాయ్ అందిస్తుండగా, ఆమె కిడ్నీ కూడా ఆ ట్రేలోనే పంచిపెట్టేశారు.

టెస్టులకు ఇంకా తేదీ కూడా ఇవ్వలేదు, కులసంఘం వాళ్ళు సన్మానం పెట్టుకున్నారు. అట్లాంటి తొందర మనవాళ్ళకే చెల్లు. సంఘం హాల్లో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. సన్మానం శైలజకు, ప్రసంగం అరుణ్‌కుమార్‌ది. మరునాటికి చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. 'భర్త ప్రాణం కోసం కిడ్నీ దానం చేస్తున్న త్యాగశీలి శ్రీమతి శైలజ గారికి శుభాభినందనలు.' ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటోలోంచి ఆమెను కత్తిరించారు. మొహానికి తెలుపెక్కించారు. కడుపు కనబడకుండా ఛాతీ దగ్గరే కోసేశారు. కింద వరసగా సంఘం పెద్దల ఫోటోలు, మధ్యలో నమస్కారం పెడుతూ అరుణ్‌కుమార్, ఆమెకన్నా కొంచెం పెద్దగా. కూరగాయలకు పోతూ శైలజ ఆ బొమ్మ ముందు నిలబడింది. ఆ తెల్లటావిడ ఎవరో గానీ చాలా నిశ్చింతగా ఉంది, ఆమెకు కడుపు కూడా లేదు. ఆవిడే ఇస్తే బాగుండు అనుకుని, అట్లా అనుకున్నందుకు చెంపలేసుకుని, బెండకాయలు కొనుక్కుని ఇంటికొచ్చింది.

హైదరాబాదుకు బస్సులో ముగ్గురు పోయారు, మొగుడు, బావ, తను. గజ్వేల్ దాటాక కిటికీ అద్దానికి తల ఆనించింది. చేన్లు, షెడ్లు, మళ్ళీ చేన్లు వెనక్కి జారిపోతుంటే ఒళ్ళు తేలిపోయినట్టయింది. పక్కన రమేశ్ కునుకుతూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎంత సన్నబడింది ఆ చెయ్యి! ఇస్తే ఏం పోయింది, ఉన్నవి రెండు, అనుకుంది. ఆ వెంటనే, తన నడుం దగ్గర రెండు పక్కలా ఎవరో ఇద్దరు ముసుగుతన్ని పడుకున్నట్టు, వాళ్ళను లేపి ఒకరిని పంపించేయమంటున్నట్టు అనిపించింది. ఎవరిని లేపాలి? లేపితే ఏమంటారు? బస్సు గతుకులో పడితే కళ్ళు తెరిచింది.

పెద్ద దవాఖానలో ముందు ఒక అమ్మాయి కూర్చోబెట్టి మాట్లాడింది. దానం ఇచ్చేవాళ్ళతో మాట్లాడటమే ఆమె ఉద్యోగమట. మగవాళ్ళిద్దరినీ బయట కూర్చోమని తలుపు వేసింది. "అక్కా, మీరు ఇష్టంగానే ఇస్తున్నారా? ఇష్టం లేకపోతే నాకు చెప్పండి. టెస్టుల్లో కుదరలేదని మేమే చెప్తాం. మీ మాట ఈ గది దాటదు" అంది. ఇష్టం. ఆ మాట శైలజకు తెలియనిది కాదు, వాళ్ళింట్లో రోజూ వాడే మాటే. అత్తకు పులుపు ఇష్టం, మామకు సద్దరొట్టె ఇష్టం, మొగుడికి ఇగురు ఇష్టం. తన తరఫున ఆ మాట వాడాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. గదిలో చల్లటి గాలి వస్తోంది, కుర్చీ మెత్తగా ఉంది, ఇంకో గంట ఇక్కడే కూర్చోవచ్చా అని అడగాలనిపించింది. ఇష్టం లేదని నాలుక చివరి దాకా వచ్చింది. చౌరస్తాలో ఫ్లెక్సీ గుర్తొచ్చింది. సీసా వంక చూసే మొగుడి కళ్ళు గుర్తొచ్చాయి. "ఇష్టమే మేడం" అంది. ఆ అమ్మాయి ఇంకోసారి అడిగింది. శైలజ ఇంకోసారి అదే చెప్పింది.

స్కానింగు గదిలో చీకటి. కడుపు మీద చల్లటి జిగురు పూసి, ఒక పిల్ల చేతిలో పరికరం జరుపుతూ మొదట ఏవో కబుర్లు చెప్పింది, తర్వాత మాట్లాడటం మానేసింది. తెర మీద నల్లటి మడుగులు. ఒకటి పెద్దది, దాని పక్కన చిన్నచిన్నవి, పలచటి తెల్ల గట్లతో విడదీసినట్టు. శైలజకు అవి అందంగా కనబడ్డాయి. "అవేంది?" అని అడిగింది. "నీళ్ళు" అంది ఆ పిల్ల, ఇంకెవరినో పిలవడానికి లేస్తూ. ఆ చీకట్లో ఒక్కతీ మిగిలిపోయి, శైలజ తన నీళ్ళ వంక చూసుకుంటూ పడుకుంది. మరైతే నిజంగానే ఉన్నాయన్నమాట. రెండేళ్ళుగా తను విన్న సడి తన పిచ్చి కాదన్నమాట.

ఇంకో పెద్ద స్కాన్ తీశాక డాక్టర్ స్వరాజ్యలక్ష్మి ముగ్గురినీ లోపలికి పిలిచింది. నెరిసిన జుట్టు, తొందరపడని గొంతు. రక్తం తిరిగే నాళాలు ఉన్నట్టే ఒంట్లో తెల్లటి నీరు తిరిగే సన్నటి నాళాలు కూడా ఉంటాయనీ, శైలజకు కిడ్నీల దగ్గర ఆ నాళాల నుంచి నీరు పోయే దారి సరిగా లేదనీ, ఎటూ పోలేని నీరు కిడ్నీల చుట్టూ సంచులు కట్టిందనీ చెప్పింది. రీనల్ లింఫాంజియెక్టేసియా అని ఒక పొడుగాటి పేరు కాగితం మీద రాసింది. చాలా అరుదు, తన సర్వీసులోనే ఇది మూడో కేసు అంది. క్యాన్సర్ కాదు, భయం లేదు. కానీ ఎడమవైపు సంచి కిడ్నీని నొక్కుతోంది, బీపీ అందుకే పెరిగింది, సూదితో నీరు తీయాలి, మళ్ళీ ఊరితే మళ్ళీ తీయాలి, బరువులు మోయకూడదు.

"మా మగ్గం గుంతల ఊట లెక్కనా మేడం?" అంది శైలజ.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి నవ్వింది. "అంతే. నీకు నాకన్నా బాగా తెలుసు. నొప్పి ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేండ్లు."

"రెండేళ్ళా? ఎవరికీ చెప్పలేదా?"

"అందరికి చెప్పిన మేడం" అంది శైలజ.

అరుణ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "అయితే మేడం, కిడ్నీ ఇయ్యరాదా?" రమేశ్ నేల వంక చూస్తూ, "మరి నాకెట్ల?" అన్నాడు. డాక్టరమ్మ ఇద్దరి వంకా మార్చిమార్చి చూసి, "ఈమె ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. ఈమెకే వైద్యం కావాలి. వచ్చే సోమవారం తీసుకురండి, నాలుగు రోజులు ఉండాలి" అని కాగితం శైలజ చేతికే ఇచ్చింది.

తిరిగొచ్చే బస్సులో ఆమెకు సంతోషం కలిగింది. ఇది దాచుకోవలసిన సంగతి కనుక మొహం కిటికీ వైపు తిప్పుకుంది. మొగుడి ప్రాణానికి దారి మూసుకుపోయిన రోజున సంతోషమేమిటి, ఇంత పాపిష్టిదాన్నా నేను, అని తిట్టుకుంది. తిట్టుకుంటున్నా ఆగలేదు అది, ఎక్కడి నుంచో ఊరుతూనే ఉంది. నోరు ఇష్టమే అంది. నోరు ఎప్పుడూ అంతే, ఆ ఇంట్లో పెరిగిన నోరు. లోపల మాత్రం ఎవరో ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా కిడ్నీల చుట్టూ నీళ్ళు నింపి కందకం తవ్వుకున్నారు, ఎవరూ చెయ్యిపెట్టకుండా. బయట వాన మొదలైంది. ఆమె అద్దం మీద చెయ్యి పెట్టి, అవతల జారుతున్న చినుకులను లోపలి నుంచే ముట్టుకుంటూ కూర్చుంది.

ఇంట్లో ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఆ నాళాల లోపం పుట్టుకతో వచ్చినదై ఉండొచ్చని డాక్టరమ్మ అన్న మాటను అరుణ్‌కుమార్ ఇంటికి మోసుకొచ్చాడు. కొండవ్వ రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. "పుట్టుకతోని రోగమున్న పిల్లను మాకు అంటగట్టిన్రు. తల్లిగారోళ్ళు దాచిపెట్టి చేసిన్రు." రెండేళ్ళుగా కూర్చుని తిన్నందుకు వచ్చిన పొట్ట ఒక్క పూటలో పుట్టుకతో వచ్చిన మోసమైపోయింది. రాజమల్లయ్య మరునాడు పొద్దున గుంత దగ్గరికి వచ్చి, అందులో నీళ్ళు చూసి, కోడలి కోసం ఇల్లంతా వెతికాడు. హర్షిణి ఒక్కతే ఆ కాగితం తీసుకుని, ఫోన్‌లో చూసి, ఆ పొడుగాటి పేరును మూడుసార్లు కూడబలుక్కుని తప్పు లేకుండా పలికింది. "గూగుల్ల గూడ ఎక్కువ లేదమ్మా దీని గురించి. చానా తక్కువ మందికి వస్తదట" అంది. తర్వాత తల్లి పక్కన చేరి, చీర మీదుగా ఎడమ పక్కన అరచెయ్యి ఆనించి, "గిక్కడనా? మస్తు నొస్తదా?" అని అడిగింది. శైలజకు ఏడుపొచ్చింది. ఆ నొప్పి ఎక్కడని అడగడానికి ఆ ఇంట్లో పద్నాలుగేళ్ళ పిల్ల పెరగాల్సి వచ్చింది.

ఆ అరుదుతనమే ఆమె మెడకు చుట్టుకుంది. షుగరంటే అందరికీ తెలుసు, బీపీ అంటే తెలుసు. ఎవరూ వినని, నోరు తిరగని, వాడలో ఒక్కరికైనా రాని రోగం రోగమెట్లా అవుతుంది? చౌరస్తాలో ఫ్లెక్సీ ఇంకా ఉంది. తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు, ఉంచితే ఎప్పుడిస్తున్నదని అడుగుతారు. అరుణ్‌కుమార్‌కు బయట తల ఎత్తుకోవడం కష్టమైంది. అప్పుడే ఎవరో అతని చెవిన వేశారు, పెద్ద దవాఖానల్లో అట్లాగే చేస్తారని, ఇయ్యడం ఇష్టం లేనివాళ్ళు రహస్యంగా చెప్పుకుంటే ఏదో ఒక రోగం పేరు రాసి పంపిస్తారని. ఆ రోజు తమను బయట కూర్చోబెట్టి తలుపు వేయడం అతనికి గుర్తొచ్చింది. ఇంకేం, అన్నీ అతికినట్టు సరిపోయాయి. మూడు రోజుల్లో ఆ మాట వంటింటి దాకా వచ్చింది. అన్నం పెడుతుంటే రమేశ్ కంచం వంక చూస్తూ, "నువ్వు గట్ల చెయ్యవు గని..." అని ఆపేశాడు. ఆపేసిన ఆ మాట ఆమెను తిట్టిన తిట్టులన్నిటికన్నా ఎక్కువ కోసింది. ఒట్టేసి చెప్పాలనిపించింది, నేను ఇష్టమే అన్నా, రెండుసార్లు అన్నా అని. కానీ బస్సులో కలిగిన సంతోషం గుర్తొచ్చి, ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు. మగ్గం ఆగిపోయి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మరునాడే డాక్టరమ్మ రమ్మన్న సోమవారం. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అరుణ్‌కుమార్ జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీశాడు.

"శైలజా, ఇటు రా అమ్మా. హైదరాబాద్‌లనే ఇంకో దవాఖాన దొరికింది. ఆ నీళ్ళేందో గుంజేసి, కిడ్నీ పనికొస్తదా లేదా వాళ్ళే సూస్తరట. ఆ పాత రిపోర్టులు సూపియ్యకుండ పోదాం. కిడ్నీ ఇస్తనని గీడ సంతకం పెట్టు."

"నేను బరువులు మోయద్దన్నరు, బీపీ ఉన్నదన్నరు బావా" అంది శైలజ.

"అన్నరో, నువ్వే అనిపిచ్చినవో" అంది కొండవ్వ.

శైలజ మొగుడి వంక చూసింది. రమేశ్ మొహం పీక్కుపోయి ఉంది, పెదాలు ఎండి తెల్లబడి ఉన్నాయి. అతను భయపడుతున్నాడు. చావు అంటే భయపడుతున్న మనిషిని చూస్తే ఎవరికైనా జాలే కలుగుతుంది, ఆమెకూ కలిగింది. "నిజం చెప్పు శైలూ" అన్నాడు. "ఆ గదిల నువ్వు ఏం చెప్పినవ్? నేనేమనను. నిజం చెప్పు."

"ఊకె అడిగితే ఎట్ల చెప్తది?" అంటూ కొండవ్వ లేచి, తలుపు దగ్గర నిలబడ్డ మనవరాలిని రెక్క పట్టి లాక్కొచ్చి నడుమ నిలబెట్టింది. "బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పు. దవాఖానోళ్ళకు అబద్ధం చెప్పి రాపిచ్చుకోలేదని ఒట్టెయ్యి. గప్పుడు నమ్ముతం."

హర్షిణి కదలకుండా నిలబడింది. నూనె పెట్టి శైలజే పొద్దున దువ్విన తల. చెయ్యి పెట్టి ఒక్క మాట అంటే చాలు, ఆమె నిర్దోషి. ఎందుకంటే ఆమె అట్లా చెప్పలేదు, అది దేవుడికి తెలిసిన నిజం. నిర్దోషి కాగానే మళ్ళీ మంచి కోడలు. మంచి కోడలు కాగానే కాగితం, కాగితం మీద సంతకం. ఆ దారి అంతా ఆమెకు ఒక్కసారి, ఎండలో పరిచిన చీరలాగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా కనబడింది. ఆ దారిలో ఏదో ఒక రోజు ఈ పిల్లను కూడా ఎవరో చాయ్ తాగుతూ తల్చుకుంటారు. చుట్టూ గది మెల్లగా వదులైనట్టు, మనుషులు కొంచెం దూరం జరిగినట్టు అనిపించింది. వాళ్ళ పెదాలు కదులుతున్నాయి గానీ మాటలు నీళ్ళ అడుగు నుంచి విన్నట్టు వినబడుతున్నాయి. భయం వేస్తుందేమోనని చూసుకుంది. వేయలేదు.

ఆమె చెయ్యి చాపి హర్షిణిని తన పక్కకు జరుపుకుంది. తల మీద చెయ్యి పెట్టలేదు, భుజం మీద వేసింది.

"రేపు పొద్దుగాల బస్సుకు నేను దవాఖానకు పోతున్న" అంది. "నా నీళ్ళు తీపిచ్చుకోనీకి. నాలుగొద్దులు ఉంట. ఈ కాయిదం మీద సంతకం పెట్ట. ఈయన గ్రూపు, బావ గ్రూపు ఒక్కటే, బావను టెస్టుకు తీస్కపోండ్రి."

అరుణ్‌కుమార్ కాగితాలు మడిచాడు, విప్పాడు. రాజమల్లయ్య మొదటిసారి తలెత్తి పెద్దకొడుకు వంక చూశాడు.

"సూసిన్రా, ఒట్టెయ్యమంటె ఎయ్యలే!" కొండవ్వ గొంతు ఇంటి కప్పు తాకింది. "అంటే అబద్ధం చెప్పినట్టే గదా! ఒప్పుకున్నట్టే గదా!"

"ఒప్పుకుంటున్న అత్తమ్మా, అబద్ధం చెప్పిన" అంది శైలజ. "ఆ గదిల కూసోవెట్టి, ఇష్టంగనే ఇస్తున్నవా అని అడిగిన్రు. ఇష్టమే అని చెప్పిన."